బంధమునకు తగిన బిగువు

మన దేశమున తత్త్వచింతన మొదలైన నాటినుండి బంధమోక్షములను గూర్చి జరిగినంత చర్చ మఱి దేనిని గూర్చియు జరుగలేదని చెప్పవచ్చును. అయినను ఆ చర్చలో అధికభాగము బంధమెట్లు కలిగెను, అది సత్యమా మిథ్యయా, దానిని ఛేదించు సాధనమేది అను ప్రశ్నల చుట్టును తిరిగినది గాని, ఏ బంధము తగినది, దానికి ఎంత బిగువు చాలును అను ప్రశ్న మాత్రము ఆచార్యుల భాష్యములలో కంటె గృహస్థుల ఆచరణలోనే ఎక్కువగా నలిగినది. ముక్తిని కోరువాడు మొట్టమొదట చేయు పని యేమి? ఉన్న బంధములు చాలవన్నట్లు యమమని, నియమమని, వ్రతమని, దీక్షయని క్రొత్త బంధములను తెచ్చి మెడకు తగిలించుకొనుట. లోకాయతుడు దీనిని చూచి, విడుదల కోరువాడు సంకెలల దుకాణమునకు పోవుటయేమని నవ్వినచో ఆశ్చర్యము లేదు. ముల్లును ముల్లుతోనే తీయవలయునని చెప్పి ఆ ప్రశ్నను తప్పించుకొనుట మనకలవాటు. ఆ సామెత నాకు చాలదు. తీసిన ముల్లును పాఱవేయుదుము. నియమమును అంత సులువుగా పాఱవేసినవాడు కొలది దినములలోనే మొదటికి వచ్చుట లోకమున చూచుచునే యున్నాము.

ఈ ప్రశ్నను వేదాంతగ్రంథముల నడుమ గాక కర్మాగారములో, ఒక యంత్రపు అడుగున ఎవరి కంటికిని ఆనక దాగియుండు చిన్న బోల్టు దగ్గఱ పెట్టి చూతము. నేడు లోహమును చెక్కు యంత్రములందును, కొయ్యపై లతలు తొలుచు యంత్రములందును, లేసరు కిరణముతో రేకులు కోయు యంత్రములందును పనిముట్టును మోయు భాగము ఇటునటు జరుగుటకు ఉక్కు పట్టాలుండును. పనివారు వానిని ఎల్.ఎమ్. గైడులందురు. గట్టిపఱచి సానపట్టిన ఉక్కు కడ్డీకి ఇరుప్రక్కల గాడులుండును. దానిని మూడువైపుల క్రమ్ముకొని కూర్చుండు బండిలో ఉక్కు గుండ్లు వరుసకట్టి ఆ గాడుల వెంట దొరలి, కొనకు పోయి, మరల మొదటికి తిరిగివచ్చుచుండును. 1972లో జపానులో టి.హెచ్.కె. సంస్థవారు దీనిని ఈ రూపమున విపణిలోనికి తెచ్చుటకు పూర్వము యంత్రముల నడక చాలవఱకు పోతయినుప బాటలమీదనే సాగెడిది. ఆ బాటలను స్క్రేపరుతో గీకి, రంగు పూసి సరిచూచి, మరల గీకి సమము చేయు నిపుణులు ఒక యంత్రమునకే దినములకొలది కూర్చుండెడివారు. నేడు ఆ నైపుణ్యము పట్టాలోనే ఇమిడి పెట్టెలో వచ్చుచున్నది. పట్టాను యంత్రపు పీఠమునకు బిగించుట మాత్రము మన చేతికే మిగిలినది.

ఏ ఘనవస్తువునకైనను కదలుటకు ఆఱు స్వేచ్ఛలు కలవని యంత్రశాస్త్రము చెప్పును. ముందువెనుకలకు, ప్రక్కలకు, క్రిందుమీదులకు జరుగుట మూడు. ఆ మూడు అక్షముల చుట్టును తిరుగుట మూడు. పట్టా చేయు పని వీనిలో ఐదింటిని హరించి ఒక్కదానిని మిగుల్చుట. పతంజలి చెప్పిన యమములైదు, నియమములైదు, ఇక్కడ నిరోధములైదు అని లెక్కలు కలిపి వేదాంతమును నిరూపించువారికి మనలో కొఱతలేదు. నేనా పనికి పూనుకొనను, సంఖ్య కలిసినంతమాత్రమున సత్యము కలిసినట్లు కాదు. గమనింపవలసిన విషయము వేఱొకటి యున్నది. ఆఱు స్వేచ్ఛలును గల బల్ల ఏ పనికిని రాదు. సరళరేఖ గీయబోయిన వంకరపోవును, వృత్తము చెక్కబోయిన కోడిగ్రుడ్డు రూపము వచ్చును. ఆ ఐదును ఎంత నిర్దయగా హరింపబడునో, మిగిలిన ఆ ఒక్కటి అంత నిరాటంకముగా సాగి, వ్రేలితో త్రోసిన మాత్రమున మణుగుల బరువు కదలిపోవును. లోకాయతుని నవ్వునకు ఇంతవఱకు సమాధానము దొరకినది. అతడు స్వేచ్ఛయనగా కదలుటకు వీలుండుట యనుకొనుచున్నాడు. సాధకుడు కోరునది చేరవలసిన చోటికి చేరు కదలిక.

అయితే పట్టా స్వయముగా తిన్ననిది కాదు. సన్నగా పొడవుగా ఉండుటచే విడిగా నున్నప్పుడు దానికి కొంచెము వంపుండవచ్చును. తయారుచేసినవారు దాని తిన్నదనమునకు హామీ యిచ్చునది సమమైన పీఠముమీద బోల్టులతో బిగించిన పిమ్మటనే. అందుచే పీఠమునకు ఒక ప్రక్క చక్కగా సానపట్టిన మెట్టు నొకదానిని నిలిపి, పట్టా అంచును దానికి ఆనించి బిగింతురు. మెట్టు వంకరయైన పట్టాయు వంకరయే. బోల్టు ఎంత గొప్పదైనను ఆ వంకరను తీర్చలేదు సరికదా, మఱింత నమ్మకముగా నిలుపును. ఇంకొక విశేషము. 25 అను పరిమాణపు పట్టాకు 6 మిల్లీమీటర్ల బోల్టు వేయుదురు గాని, దాని కొఱకు పట్టాలో తొలిచిన రంధ్రము 7 మిల్లీమీటర్లుండును. చుట్టును అర మిల్లీమీటరు ఖాళీ! మైక్రానుల లెక్కలో నడువవలసిన యంత్రమున ఇంత ఖాళీయేమని క్రొత్తవాడు ఆశ్చర్యపడును. ఆ ఖాళీ కావలెననియే ఉంచినది. ఏలయన దారి చూపుట బోల్టు పని కాదు, మెట్టు పని. చూపిన దారిని విడువకుండ పట్టియుంచుట మాత్రమే బోల్టు పని.

ధర్మజిజ్ఞాసలో మనము తఱచు కలిపివేయు రెండు విషయములు ఇక్కడ విడివడి కనబడుచున్నవి. సంకల్పబలము గలవాడే ధర్మాత్ముడని లోకము భ్రమించును. హిరణ్యకశిపుని తపస్సు కంటె గట్టి బోల్టేది? రావణుని పట్టుదల కంటె బిగువైనదేది? వారి బోల్టులు జాఱలేదు. వారి మెట్టు వంకర. సాధనచతుష్టయమున శంకరులు వివేకమును మొదట నిలిపి, శమదమాదులను తరువాత చెప్పుటలోని ఔచిత్యము నాకు ఈ పట్టాను చూచిన తరువాత మఱింత స్పష్టమైనది. మెట్టు సరిచూడక మున్నే బిగింప మొదలుపెట్టువాడు తన వంకరనే శాశ్వతము చేసికొనును.

ఇక బోల్టు పట్టియుంచు విధము చూడుడు. మేకు కొయ్యలో దిగి అడ్డముగా నిలిచినట్లు బోల్టు పట్టాకు అడ్డుగా నిలుచునని సామాన్యముగా అనుకొందురు. అది నిజము కాదు. బోల్టును తిప్పినకొలది అది కంటికి కనబడనంత సూక్ష్మముగా సాగును; సాగిన ఉక్కు మరల ముడుచుకొనజూచుచు పట్టాను పీఠమునకు అదుముకొనును; ఆ అదుమునుండి పుట్టిన రాపిడియే పట్టాను ప్రక్కకు జరుగనీయదు. బండి చక్రమునకు ఇనుప పట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి నీరు పోయు కమ్మరి ఎఱిగిన రహస్యమే ఇది. చల్లాఱి ముడుచుకొనబోవు ఇనుము కొయ్యముక్కలన్నింటిని ఒక్క చక్రముగా బంధించును. ఇట్లు ముందుగానే తనలో బిగువును నింపుకొనిన బోల్టునకు ఒక మహాగుణము కలుగును. యంత్రము నడచునప్పుడు వచ్చు ఒత్తిళ్లలో అధికభాగము అదుముడుపడిన పీఠమే భరించును. బోల్టు వఱకు చేరునది స్వల్పము. వదులుగా నున్న బోల్టు ప్రతి కుదుపును తానే అనుభవించి, సాగుచు ముడుచుకొనుచు, తుదకు అలసి విఱిగిపోవును. ఉక్కును చంపునది నిలుకడగా నుండు బిగువు కాదు, నిత్యము వచ్చిపోవు హెచ్చుతగ్గులు.

స్థితప్రజ్ఞుని గూర్చి విన్నవారిలో చాలమంది అతడు బిగువన్నది లేని మనిషి యనియు, రాగద్వేషములు లేక నిర్లిప్తముగా సడలియున్నవాడనియు ఊహించుకొందురు. నాకట్లు తోపదు. అతడు బయటి ఒత్తిడి రాకమునుపే దానికంటె అధికమైన బిగువును స్వేచ్ఛగా స్వీకరించినవాడు. తపస్సునకు ఇంతకు మించిన ప్రయోజనమున్నదేమో నేనెఱుగను. ఆకలి వచ్చునాటికి ఉపవాసమెఱిగినవాడును, నింద వచ్చునాటికి మౌనమెఱిగినవాడును కుదుపులను పొందరని కాదు. ఆ కుదుపు వారిలో హెచ్చుతగ్గులను పుట్టింపజాలదు.

ఈ మాట వినగానే ఉత్సాహవంతుడు, అట్లయిన అన్నింటికంటె గట్టి బోల్టును తెచ్చి అన్నింటికంటె గట్టిగా బిగింతమని లేచును. అంగడిలో అలెన్ బోల్టుల తలలపై 8.8, 10.9, 12.9 అను అంకెలుండును. మొదటి అంకెను నూఱుతో గుణించిన ఆ ఉక్కు తెగకుండ ఓర్చు ఒత్తిడి మెగాపాస్కలులలో వచ్చును. చుక్క తరువాతి అంకె అందులో ఎన్ని పదవవంతుల వఱకు అది శాశ్వతముగా సాగిపోక నిలుచునో తెలుపును. అనగా 12.9 బోల్టు 1200 వఱకు తెగదు, 1080 వఱకు రూపు చెడదు. 8.8 బోల్టునకు ఆ అంకెలు 800, 640. కొనువానికి ఇంక సందేహమేమున్నది? అంకె పెద్దదే కొనును. కాని ఆ బోల్టు మరచుట్లు దిగునది దేనిలో అన్న ప్రశ్న అంగడిలో ఎవ్వరును అడుగరు. 6 మిల్లీమీటర్ల బోల్టును ఉక్కు పీఠమునకు బిగించునప్పుడు 13.7 న్యూటన్-మీటర్ల తిప్పుడుబలమును వాడుమని పట్టాల తయారీదారుల పట్టిక ఒకటి చెప్పుచున్నది. అదే బోల్టు, అదే పట్టా. పీఠము పోతయినుమైన 9.2 చాలునట. అల్యూమినియమైన 6.9. ఉక్కునకు చెప్పిన దానిలో సగము! బోల్టు శక్తి తగ్గలేదు. దానిని భరించు మెత్తని లోహపు మరచుట్లు అంతకు మించి ఓర్వవు. ఓర్వని దానిని ఒత్తినచో బోల్టు చెక్కుచెదరక నిలుచును గాని, పీఠములోని చుట్లు ఊడి పొడిపొడియై వచ్చును.

మన పూర్వులు అధికారభేదమను పేర చెప్పినది ఇదియే. ఈ మాట నేడు చెవికింపుగా లేదు. పుట్టుకనుబట్టి కొందఱకు చదువును, గుడిని, నీటిని నిషేధించుటకు దానిని సాధనముగా వాడిన పాపము మన సమాజమునకున్నది గనుక ఆ వైముఖ్యము న్యాయమే. అయినను ఆ దుర్వినియోగమును తీసివేసి చూచినచో, పీఠమును చూచి బిగువును నిర్ణయింపుమను వివేకమే దాని సారము. ఏకాదశ్యుపవాసమును అంత గట్టిగా విధించిన ధర్మశాస్త్రములే ఎనిమిదేండ్లు నిండని బాలురను, ఎనుబదేండ్లు దాటిన వృద్ధులను దానినుండి తప్పించినవి. జైనుల ఏర్పాటు ఇంకను సూక్ష్మమైనది. అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను ఐదు వ్రతములును యతికిని గృహస్థునకును ఒక్కటియే. వానినే యతి గైకొన్నచో మహావ్రతములు, గృహస్థు గైకొన్నచో అణువ్రతములు. యతి సర్వపరిగ్రహమును విడుచును. గృహస్థు తన ఆస్తికొక మేర గీచికొనును. బోల్టు మాఱలేదు, పట్టికలోని అంకె మాఱినది. గృహస్థు వ్రతము యతి వ్రతమునకు చౌకబాఱు నకలు కాదనియు, అల్యూమినియపు పీఠమున 6.9 పూర్తి బిగువే గాని సగము బిగువు కాదనియు గ్రహించువారు తక్కువ. ఇల్లును పిల్లలను సంసారమును మోయుచు యతి బిగువును పట్టబోయి, ఇంటిల్లిపాదిని నలగగొట్టి, తుదకు వ్రతమును ఇంటిని రెంటిని పోగొట్టుకొన్న సాత్త్వికులు ప్రతి యూరను కలరు.

అధికమైన బిగువు పీఠమునే గాక పట్టానును చెఱచును. హైదరాబాదు బాలానగరులో యంత్రములు కూర్చు ఒక చిన్న షెడ్డులో ఈ పని జరుగుచుండగా చూచితిని. పట్టాను మెట్టునకు ఆనించి, బోల్టులన్నియు ముందు చేతితో త్రిప్పి, తరువాత అలెన్ కీతో కొద్దిగా పట్టించి, పిమ్మట నడుమనుండి ఇరుకొనలకు పోవుచు ఒక కుఱ్ఱవాడు టార్కు రెంచితో బిగించుచుండెను. నిర్ణయించిన చోట రెంచి టిక్కుమనుచున్నది. అయినను అతని చేయి ఊరకుండక ప్రతి బోల్టునకును ఇంకొక గుంజు కలుపుచున్నది. పెద్ద పనివాడు, అక్కడివారు ఉస్తాదని పిలుచు ముసలాయన, ప్రక్కనుండి చూచి దగ్గఱకు వచ్చెను.

"తమ్మీ, రెంచి టిక్కుమన్నంక మల్లెందుకు గుంజుతున్నవ్?"

"గట్టిగుంటది గదా ఉస్తాద్."

"గట్టిగుంటదా? ఇటు జూడు."

ఆయన బండిమీద మైక్రానులు చూపు డయల్ గేజిని నిలిపి, దాని మొనను ప్రక్కనున్న గ్రానైటు బద్దకు తాకించి, బండిని మెల్లగా త్రోసెను. గేజి ముల్లు తిన్నగా నిలువక, బండి ఒక్కొక్క బోల్టుమీదుగా పోవునప్పుడెల్ల సన్నగా ఒరిగి లేచుచుండెను. ప్రతి 60 మిల్లీమీటర్లకు ఒక బోల్టు. ప్రతి 60 మిల్లీమీటర్లకు ఒక ఒఱుగు. అతిగా అదుమబడిన చోటనెల్ల ఉక్కు పట్టా లోలోపల కొంచెము నలిగి, తిన్నని బాట అలలబాటయైనది. "అన్నీ ఇప్పు. నడ్మకెంచి మల్ల షురు జెయ్యి" అని చెప్పి ఆయన తన పనికి పోయెను. కుఱ్ఱవాడు మాఱుమాటాడక విప్పదొడగెను.

బుద్ధుడు సోణుడను భిక్షువునకు చెప్పిన వీణ కథ పాలి వాఙ్మయమున ప్రసిద్ధము. నడచుచు ధ్యానము చేసి చేసి పాదములు నెత్తురోడ విసిగి, ఇల్లు చేరి భోగములననుభవింతునా యని తలపోయుచున్న సోణునితో, నీవు గృహస్థుగా నుండగా వీణ వాయించెడివాడవు గదా, తంత్రి మిక్కిలి బిగిసియున్నప్పుడు గాని మిక్కిలి సడలియున్నప్పుడు గాని అది పలికెనా యని అడిగెనట. ఈ కథను చెప్పువారు సాధారణముగా అన్నింటను మధ్యస్థముగా నుండుమన్న హితవుతో ముగింతురు. ఆ హితవు కథలో లేదు. తంత్రి బిగువు రెండు కొనల నడిమిభాగమున కూర్చుండదు; శ్రుతి యెక్కడనో అక్కడ కూర్చుండును. బోల్టు విషయమునను ఇంతే. పదునాలుగునకు సున్నకు నడుమ ఏడున్నదని ఎవ్వరును బిగింపరు. లోహమును చూచి, మందమును చూచి, పట్టిక చూచి బిగింతురు. మధ్యమార్గమని పేరుపెట్టి ప్రతిదానిని సగముసగముగా చేయు అలవాటు బౌద్ధమునకు అంటగట్టిన అపచారము.

బోల్టు పొడవును ఎంచుటలో ఇంకొక ధర్మసూక్ష్మమున్నది. పైన చెప్పిన 25 పట్టా ఎత్తు 22 మిల్లీమీటర్లు. బోల్టు తల దాగుటకు పైన 9 మిల్లీమీటర్ల లోతు గుంట తొలిచియుందురు. మిగిలిన మందము 13. కావున 20 మిల్లీమీటర్ల బోల్టు వేసినచో పీఠములోనికి దిగునది 7. ఉక్కునకది చాలును. అల్యూమినియమునకు బోల్టు లావునకు రెట్టింపైనను దిగవలయునందురు గనుక 25 మిల్లీమీటర్లది వేయవలయును. అప్పుడు సరిగా 12 దిగును. మంచిదేకదా యని ఇంకను పొడవైనది వేసి, క్రింద రంధ్రపు లోతు చూడకపోయినచో ఏమగును? బోల్టు మొన రంధ్రపు అడుగును తాకును. అప్పుడు రెంచి తిప్పినకొలది బిగువు పెరుగుచునే యుండును, నిర్ణయించిన అంకెవద్ద టిక్కుమనును, చూచువారు సరియని తలయూపుదురు. పట్టా మాత్రము అదుమబడదు. బోల్టు తన బలమంతయు రంధ్రపు అడుగుతో పోరాడుటకే వినియోగించుచు, పట్టవలసిన దానిని పట్టక వదలివేయును. గీతలో మిథ్యాచారుడని పేరు పొందినవాని స్థితి ఇదియే: ఇంద్రియములను బిగబట్టి కూర్చుండును, మనస్సు విషయములలోనే తిరుగుచుండును. ఇట్టివాడు కపటియే కానక్కఱలేదు. అతని శ్రమ నిజము, అతని చెమట నిజము, అతని రెంచి పలికిన టిక్కు నిజము. అతనికిని తెలియదు, లోకమునకును తెలియదు. యంత్రము నడచినప్పుడు తెలియును. దంభుని కంటె ఇతని యందు నాకు జాలి ఎక్కువ.

తిప్పుటకు పెట్టిన శ్రమలో బిగువుగా మాఱునది ఎంత యని విచారించినచో మనస్సు చివుక్కుమనును. ఇంచుమించు సగము బోల్టు తల క్రింది రాపిడికి పోవును. మఱి నాలుగు పదవవంతులు మరచుట్ల రాపిడికి పోవును. మిగిలిన ఒక్క పదవవంతు మాత్రమే బోల్టును సాగదీయును. కావుననే మరచుట్లకు చమురు పూసి, చమురు లేనప్పటి అంకెకే తిప్పినచో, ఆదాయైన రాపిడి బిగువులోనికి చేరి బోల్టు అనుకొన్నదానికంటె చాల ఎక్కువగా బిగియును. అనుభవజ్ఞులు చమురు పూసితివా లేదాయని అడుగక అంకె చెప్పరు. ప్రసూతివైరాగ్యము, పురాణవైరాగ్యము, శ్మశానవైరాగ్యము అని మనవారు నవ్వుచు చెప్పు మూడు వైరాగ్యములును చమురు పూసిన మరచుట్లే. హృదయము మెత్తబడియున్న ఆ క్షణమున కొద్దిపాటి యత్నముతోనే ఎంత గొప్ప ప్రతిజ్ఞయైనను జరజర దిగిపోవును. కాటినుండి తిరిగి వచ్చినవాడు ఆ సాయంకాలమే సర్వసంగపరిత్యాగము చేయబూనును. అప్పుడు చేసిన ప్రతిజ్ఞ బలహీనమైనదని లోకము నవ్వుచున్నది గాని, దాని దోషము అది కాదనుకొందును. అది పీఠము ఓర్వగలదానికంటె బిగిసినది.

గట్టి బోల్టునకు ఇంకొక గండమున్నది. 12.9 వంటి కఱకు ఉక్కునకు త్రుప్పు పట్టకుండ విద్యుత్తుతో జింకు పూత పూసినచో, ఆ పూతవేళ పుట్టిన హైడ్రోజను ఉక్కులో చొచ్చి దాగును. తగినట్లు కాల్చి దానిని వెడలగొట్టనిచో, బిగించినప్పుడు బాగుగనే యున్న బోల్టు కొన్ని గంటలకో దినములకో ఏ హెచ్చరికయు లేక పుటుక్కున తెగును. మెత్తని ఉక్కునకు ఈ భయము స్వల్పము. మహాతపస్వులలో దుర్వాసుని వంటివారు ఏల పుట్టుదురో నాకు దీనివలన కొంత బోధపడినది. తేమగల చోట స్టెయిన్‌లెస్ బోల్టు మేలు. దానికి ఓర్పు తక్కువ, బిగువును తగ్గింపవలయును, చమురు లేనిచో మరచుట్లు ఒకదాని నొకటి కఱచుకొని ఊడిరావు. ఇక స్ప్రింగు వాషరు. దానిని వేసిన బోల్టు వదులుగాదన్న నమ్మకము మన షెడ్డులలో తావీదుమీది నమ్మకమంత గట్టిది. ప్రక్కవాటు అదరుళ్లు అదుమును మించి జాఱించినప్పుడే బోల్టు తనంత తాను తిరిగి వదులగునని 1969లో గెర్హార్డ్ యుంకెర్ అను జర్మను ఇంజనీరు ప్రయోగపూర్వకముగా చూపెను; చాలినంత బిగువున్నచోట ఆ వాషరుతో పనిలేదు, లేనిచోట అది కాపాడదు. చదునైన వాషరుమాట చెప్పనే అక్కఱలేదు, ఈ పట్టా గుంటలో అది పట్టనే పట్టదు.

ఇంతవఱకు యంత్రమును చూచి వ్రతమును గూర్చి మాటాడితిని. ఈ పోలిక చెడు చోటొకటి యున్నది. దానిని దాటవేయుట అన్యాయము. యంత్రములో బిగించువాడు వేఱు, బోల్టు వేఱు, పీఠము వేఱు. వ్రతమున ఈ మూడును ఒక్కడే కావలెను. బిగించువాడు ఒకడును, ఓర్చునది ఇంకొకరునైనచో ఆ నియమమునకు ఏ శాస్త్రము పేరు పెట్టినను అది హింస. తెలుగుదేశమున బాలవితంతువుల కథ ఇదియే గదా! ఒంటిపూట భోజనము, నేలపడక, నగలు పూలు లేకుండుట, వేడుకలకు దూరముగా నుండుట అన్నవి సన్న్యాసి స్వీకరించినప్పుడు లోకము పాదములకు మ్రొక్కిన నియమములే. అవియే ఎనిమిదేండ్ల పిల్లమీద, ఆమె ఎన్నడును చూడనైన చూడని మగని పేర, తండ్రియు అన్నలును కూడి బిగించిరి. పీఠమును చూచినవారు లేరు. రెంచి టిక్కుమన్నదా యని విన్నవారు లేరు. బిగువు ఎక్కువైనకొలది వంశమునకు కీర్తియని గుంజినవారే అందఱును. బాలురకు ఉపవాసము వలదన్న ధర్మశాస్త్రమును వల్లెవేయు నోళ్లే ఆమె ఆకలిని ధర్మమనినవి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము మొదటి వితంతువివాహమును జరిపించినప్పుడు చెలరేగిన అలజడి, ఒక బోల్టును విప్పినందుకు పుట్టినదే. ఆయన నియమమునకు శత్రువు కాడు. స్వయముగా కఠిననియమములతో బ్రతికినవాడు. ఇతరుల పీఠములమీద మన బోల్టులను బిగింపరాదన్నది ఆయన చేతలలో కనబడిన సిద్ధాంతము. దానిని మనము వితంతువుల విషయమున ఒప్పుకొంటిమి గాని, పిల్లల చదువులలో, కోడండ్ర మడులలో, మతము పేర పొరుగువాని పళ్లెములోనికి తొంగిచూచుటలో ఇంకను ఒప్పుకొనలేదు.

తుదకొక ప్రశ్న మిగులును. పట్టాను బోల్టులతో బిగింపనేల, పీఠమునకు వెల్డు చేసివేయరాదా? చేయరాదు. ఆ వేడికి పట్టా వంగును, గట్టిపఱచిన గాడులు మెత్తబడును. అంతకంటె ముఖ్యముగా, అరిగిననాడు మార్చుటకు వీలులేదు. మంచి బంధమునకు విప్పు దారి ముందే ఏర్పాటైయుండును. అయ్యప్ప మాల ధరించువారు నలుబదియొక్క దినములని ముందే ఎంచుకొని, ఇరుముడి నెత్తిన పెట్టుకొని కొండకు పోయివచ్చి, గురుస్వామి చేతనో తల్లి చేతనో మాల తీయించుకొందురు. బెజవాడ ఇంద్రకీలాద్రిపై భవానీదీక్ష విరమించువారి వరుసలు చూచినవారికి, బంధమును స్వీకరించుటకు ఎంత విధియున్నదో విడుచుటకును అంత విధియున్నదని తెలియును. మాల తీసిన మఱునాడే అన్నియు మొదటికి వచ్చునని ఎగతాళి చేయువారున్నారు. నలుబదియొక్క దినములు కుదుపులెఱుగక నడచిన యంత్రము నలుబదియొక్క దినములు నడచినట్లే.

మఱి మోక్షదశలో ఈ బోల్టులేమగును? యంత్రము చేయవలసిన పని ముగిసినది గనుక విప్పివేయవచ్చుననియు, జ్ఞాని విధినిషేధములకు అతీతుడనియు శంకరుల మతమువారందురు. రామానుజుల వారి మతమున జీవుడు భగవంతునకు శేషభూతుడై యుండుట బంధము కాదు, స్వరూపము. ముక్తుడైనను కైంకర్యము వీడదు, అప్పుడే అది నిరాటంకముగా సాగును. వైష్ణవుడు ఎల్.ఎమ్. గైడును చూచియున్నచో ఒక దృష్టాంతమును తప్పక వాడుకొనెడివాడు. ఆ బండిని పట్టా కొననుండి అజాగ్రత్తగా లాగివేసినచో దానికి స్వేచ్ఛ కలుగదు; చాలబండ్లలో లోపలి గుండ్లు జలజల రాలి నేలపై దొరలిపోవును. అందుచేతనే తయారీదారులు దానిని ఒక ప్లాస్టిక్ పట్టాతునకపై ఎక్కించి పంపుదురు, కూర్చునప్పుడు దానిమీదినుండి నేరుగా అసలు పట్టామీదికి జరుపుదురు. అద్వైతి దీనికి తొట్రుపడడు: బండి ఉపాధి, గుండ్లు ఉపాధి, రాలిన రాలనిండని అనును. తర్కమున నేనద్వైతికి సమాధానము చెప్పలేను. అయినను ఇంకను యంత్రము నడపవలసినవాడనై యుండుటచే నా మనస్సు రెండవ పక్షముననే నిలుచుచున్నది. బాలానగరు ఉస్తాదు నడుగుట అనవసరము, రాలిన గుండ్లను నేలమీద వెదకి, ఏఱి, తుడిచి, ఒక్కొక్కటిగా మరల కూర్చుట ఆయన పని గనుక.